దేశం మొత్తానికి ఎనర్జీ ట్రాన్సిషన్ ప్రోగ్రాం రాయించాలంటే కన్సల్టెంట్‌ని ఎలా పెట్టుకోవాలి

ఈ పని నెత్తిన పడ్డవాళ్ళ కోసం రాస్తున్నా. అంటే ఎనర్జీ మినిస్ట్రీలోనో, ప్లానింగ్ విభాగంలోనో, రెగ్యులేటర్ ఆఫీసులోనో కూర్చుని "బొగ్గు నుంచి బయటికొచ్చే ప్రోగ్రాం ఒకటి తయారు చెయ్యాలి, డోనర్లు డబ్బులిస్తామంటున్నారు, మంచి కన్సల్టెంట్‌ని చూడండి" అని పైనుంచి మాట విన్నవాళ్ళ కోసం. అలా వినగానే చాలామంది చేసేది పెద్ద ఫర్మ్‌ల లిస్టు తియ్యడం, లేదంటే వేరే దేశం వాళ్ళు వాడిన టీఓఆర్ (కన్సల్టెంట్ ఏ పని చెయ్యాలో రాసే పత్రం) తెప్పించుకుని అందులో దేశం పేరు మార్చడం. రెండూ వద్దు. ముందు ఒక కాగితం తీసుకుని, కన్సల్టెంట్ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయిన మర్నాడు మన ఆఫీసులో ఏం మిగలాలో రాస్కోండి. రిపోర్ట్ మిగిలితే చాలా, లేక లెక్కల మోడల్, దాన్ని నడిపే మనుషులు కూడా మిగలాలా? టీఓఆర్ నుంచి చివరి పేమెంట్ దాకా అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడతాయి.

కన్సల్టెంట్ లెక్కలు కట్టగలడు, ఆప్షన్లు పక్కపక్కన పెట్టి చూపించగలడు, మిగతా దేశాల్లో ఏం జరిగిందో చెప్పగలడు. ఏ ప్లాంట్ ముందు మూసేయాలి, ఆ ఊళ్ళలో ఉద్యోగాలు పోతే ఎవరు చూస్కుంటారు, కరెంట్ చార్జీ ఎవరి మీద ఎంత వెయ్యాలి, ఇవి మాత్రం ఆయన తేల్చేవి కావు. జర్మనీ 2018లో బొగ్గు కమిషన్ వేసినప్పుడు ఓటు హక్కున్న 28 మందిని కూర్చోబెట్టింది, అందులో యూనియన్లు, పరిశ్రమలు, పర్యావరణ సంఘాలు, బొగ్గు ప్రాంతాల ప్రతినిధులు, సైంటిస్టులు అందరూ ఉన్నారు. 2019 జనవరిలో వాళ్ళు 2038 కల్లా బొగ్గు కరెంట్ ఆపేద్దాం, ఆ ప్రాంతాలకి 40 బిలియన్ యూరోలు ఇద్దాం అని తేల్చారు, 2020లో అది చట్టమైంది. 2038 అనేది మరీ ఆలస్యం అని తిట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే సంగతి, కానీ ఆ బేరం ఏ ఫర్మ్ స్లైడ్లలోంచీ రాలేదు. మీ దగ్గర అలాంటి బేరం జరగడానికి ఒక వేదిక లేకపోతే, ఆ లోటు కన్సల్టెంట్‌తో పూడ్చుదామని చూడకండి. మహా అయితే ఆ వేదిక ముందు పెట్టడానికి నికార్సైన లెక్కలు ఇవ్వమని అడగొచ్చు.

ఇంకో ప్రశ్న, అసలు డబ్బులు పెట్టి పిలవాలా అని. కొంత సాయం ఊరికే దొరుకుతుంది. యూఎన్ కింద ఉన్న సీటీసీఎన్ అనే సంస్థ దేశాలు అడిగితే టెక్నికల్ సాయం ఏర్పాటు చేస్తుంది, ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) వాళ్ళు మెసేజ్ (MESSAGE) లాంటి ప్లానింగ్ మోడల్స్‌ని సభ్య దేశాలకి ఇచ్చి ట్రైనింగ్ కూడా పెడతారు. న్యూక్లియర్ ఏజెన్సీ కదా మనకేం పని అనుకుంటారు గానీ, మొత్తం ఎనర్జీ ప్లానింగ్‌లో వాళ్ళకి చాలా ఏళ్ళ అనుభవం ఉంది. మొదటి విడత లెక్కలు ఇలా మన వాళ్ళే చేసుకుని, తర్వాత కన్సల్టెంట్‌ని పిలిస్తే ఆయన చెప్పేది అర్థమవుతుంది, ఎక్కడ నిలదియ్యాలో కూడా తెలుస్తుంది.

టీఓఆర్ మీదే ఎక్కువ టైం పెట్టండి

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇక్కడే ఉంది. టీఓఆర్ మెత్తగా ఉంటే, అంటే "సమగ్రమైన ట్రాన్సిషన్ రోడ్‌మ్యాప్ తయారు చేయాలి" అని రాసేసి ఊరుకుంటే, వచ్చే ప్రపోజల్స్ కూడా అంతే మెత్తగా వస్తాయి, ఎవరేం ఇస్తారో పోల్చి చూడ్డం కుదరదు. దాని బదులు ప్రశ్నల రూపంలో రాయండి. ఉదాహరణకి, ఇప్పుడున్న బొగ్గు ప్లాంట్లలో ఏది ఏ సంవత్సరం ఆపితే గ్రిడ్‌కి ఇబ్బంది రాదు, ఒక్కోదానికి మిగిలిన అప్పు ఎంత, పీపీఏ (కరెంట్ కొనుగోలు ఒప్పందం) ప్రకారం ముందే మూస్తే ఎంత కట్టాలి, ఆ లోటుని సోలార్‌తో నింపితే స్టోరేజ్ ఎంత కావాలి, ట్రాన్స్‌మిషన్ లైన్ ఎక్కడ ముందు వెయ్యాలి, ఈ మొత్తం మార్పుకి డిస్కంల (ఇళ్ళకి కరెంట్ పంచే కంపెనీలు) మీద పడే భారం ఎంత. ఇలా ఓ పదిహేను ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి జవాబు ఏ రూపంలో కావాలో, అంటే టేబుల్ కావాలా, మోడల్ ఫైల్ కావాలా, డ్రాఫ్ట్ రూల్ కావాలా అనేది పక్కనే రాయండి.

స్కోప్‌లో (పని పరిధిలో) ఏముందో రాసినంత జాగ్రత్తగా ఏం లేదో కూడా రాయాలి. ఇండోనేషియా దీనికి మంచి ఉదాహరణ. 2022లో బాలీ జీ20 సమయంలో 20 బిలియన్ డాలర్ల జేఈటీపీ ఒప్పందం (బొగ్గు మానడానికి ధనిక దేశాలు డబ్బు సమకూర్చే ఏర్పాటు) కుదిరింది, 2023 నవంబర్‌లో పెట్టుబడుల ప్లాన్ వచ్చింది, కానీ అది ముఖ్యంగా గ్రిడ్‌కి కలిపి ఉన్న ప్లాంట్ల గురించే, నికెల్ స్మెల్టర్ల లాంటి ఫ్యాక్టరీలు సొంతానికి కట్టుకున్న క్యాప్టివ్ బొగ్గు ప్లాంట్లని తర్వాత విడిగా చూద్దామని పక్కన పెట్టారు. అవి చిన్నా చితకా ప్లాంట్లు కావు, పైగా కొత్తగా పెరుగుతున్నవే అవి. అంకెలు లేకపోతే పక్కన పెట్టడం తప్పకపోవచ్చు, ఆ మాట టీఓఆర్ రోజే అనుకుంటే ఆ డేటా సేకరణే మొదటి డెలివరబుల్‌గా (కన్సల్టెంట్ చేసి ఇవ్వాల్సిన పనిగా) పెట్టొచ్చు. క్యాప్టివ్ ప్లాంట్లు, డీజిల్ జనరేటర్లు, వంటకి వాడే ఇంధనం, లారీలు బస్సులు, ఎరువుల ఫ్యాక్టరీలు, ఇందులో ఏవి లోపల ఏవి బయట అనేది ఒక పేజీ రాస్తే చాలు, తర్వాత ఆరు నెలల గొడవ తప్పుతుంది.

మనుషుల సంగతి కూడా స్కోప్‌లోనే ఉండాలి, చివర్లో "సామాజిక అంశాలు" అని ఒక చాప్టర్ కింద కాదు. దక్షిణాఫ్రికాలో కొమాటి అనే పాత బొగ్గు ప్లాంట్ చివరి యూనిట్ 2022 అక్టోబర్‌లో ఆపేశారు, దాన్ని మార్చే ప్రాజెక్టుకి వరల్డ్ బ్యాంక్ 497 మిలియన్ డాలర్లు ఒప్పుకుంది, ప్రపంచానికి నమూనా అవుతుందన్నారు. తీరా చూస్తే ప్లాంట్ ఆగిన వేగంతో కొత్త పనులు రాలేదు, కాంట్రాక్ట్ కార్మికులు, చుట్టుపక్కల చిన్న వ్యాపారాల వాళ్ళు దెబ్బతిన్నామని మొత్తుకున్నారు. పర్మనెంట్ స్టాఫ్ లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది, వేరే ప్లాంట్‌కి బదిలీ చేస్తారు. కాంట్రాక్ట్ లేబర్, లారీ డ్రైవర్లు, క్యాంటీన్ నడిపేవాళ్ళ లెక్క మాత్రం ఎక్కడా ఉండదు, ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి రాస్తేనే వస్తుంది. ఆ సర్వే ఖర్చు టీఓఆర్‌లో విడిగా కనపడాలి, లేకపోతే ఏ ఫర్మూ దానికి మనుషుల్ని పెట్టదు, డెస్క్ మీద కూర్చుని అంచనా వేసేస్తారు.

టీంలో ఎవరెవరు ఉండాలి

ఫర్మ్ పేరు చూసి మురిసిపోకండి, వచ్చి పని చేసేది మనుషులు. కీ ఎక్స్‌పర్ట్స్ అని ఆరేడుగురిని అడగండి, అందులో మోడలింగ్ చేసే ఒకరు, పవర్ సిస్టమ్ ఇంజినీర్ ఒకరు, టారిఫ్ రెగ్యులేషన్ తెలిసినవాళ్ళు, ప్రాజెక్ట్ ఫైనాన్స్ తెలిసినవాళ్ళు, లేబర్ విషయాలు చూసేవాళ్ళు, మన చట్టాలు తెలిసిన లాయర్, వీళ్ళు తప్పనిసరి. చాలామంది మోడలింగ్ చేసే ఆయన, పవర్ సిస్టమ్ ఇంజినీర్ ఒకరే అనుకుంటారు. కాదు. ఏ సంవత్సరం ఎన్ని మెగావాట్లు ఏ రకం కట్టాలి అని చెప్పే కెపాసిటీ ఎక్స్‌పాన్షన్ మోడల్ వేరు, ఆ మెగావాట్లన్నీ కలిస్తే ఓల్టేజ్, ఫ్రీక్వెన్సీ నిలబడతాయా అని సెకన్ల లెక్కన చూసే స్టడీ వేరు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైపోయాయి, ఓల్టేజ్ అదుపు తప్పి పెరగడంతో ఒకదాని వెనక ఒకటి జనరేటర్లు ట్రిప్ అయ్యాయని దర్యాప్తులో తేలింది. మెగావాట్ల లెక్క చూసుకునే ప్లానింగ్ మోడల్‌లో ఇలాంటిది కనపడదు. కాబట్టి గ్రిడ్ స్టడీ చేసే ఇంజినీర్ టీంలో ఉండాలి, ఆయన ముందు మన లోడ్ డిస్పాచ్ సెంటర్ (రోజూ గ్రిడ్‌ని నడిపే ఆఫీసు) వాళ్ళని కూర్చోబెట్టాలి. ఇద్దరూ పోట్లాడుకుంటే ఇంకా మంచిది.

సీవీల దగ్గర ఒక పాత నాటకం ఉంది, బిడ్‌లో పెద్ద పేరున్న ఆయన్ని చూపించి, సంతకాలయ్యాక నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళని పంపడం. కుర్రాళ్ళ తెలివికి వంక పెట్టట్లేదు, మనం డబ్బు కట్టింది వాళ్ళ రేటుకి కాదు కదా. కీ ఎక్స్‌పర్ట్ ఎన్ని రోజులు మన దేశంలో ఉంటారో, ఎన్ని రోజులు బయటనుంచి పని చేస్తారో విడివిడిగా రాయించుకోండి, ఆ మనిషి మారాలంటే సమానమైనవాళ్ళని ముందు చూపించి మన అనుమతి తీసుకోవాలని, కారణం లేకుండా మారిస్తే పేమెంట్ కోత ఉంటుందని కాంట్రాక్ట్‌లో పెట్టండి. లోకల్ ఫర్మ్‌ని జేవీ (జాయింట్ వెంచర్) పార్టనర్‌గా తీసుకుంటే మంచిదే, కాకపోతే వాళ్ళ చేత అపాయింట్‌మెంట్లు తీయించడం, కార్లు బుక్ చేయించడం మాత్రమే చేయిస్తున్నారేమో మ్యాన్-మంత్‌ల టేబుల్ (ఎవరు ఎన్ని నెలలు పని చేస్తారనే లెక్క) చూస్తే తెలిసిపోతుంది.

ఎంచుకోవడం

ముందు ఈఓఐ (ఆసక్తి ఉన్నవాళ్ళు తమ వివరాలు పంపడం) పిలిచి షార్ట్‌లిస్ట్ చేసి, వాళ్ళకి మాత్రమే ఆర్‌ఎఫ్‌పీ (ప్రపోజల్ ఇమ్మని అడిగే పత్రం) ఇవ్వాలి. వరల్డ్ బ్యాంక్ డబ్బుతో అయితే మామూలుగా 5 నుంచి 8 ఫర్మ్‌లు షార్ట్‌లిస్ట్‌లో ఉండాలి, సొంత బడ్జెట్ అయితే మీ దేశం రూల్స్ చూస్కోండి. టెక్నికల్, ఫైనాన్షియల్ కవర్లు వేరుగా తీస్కుని, టెక్నికల్ మార్కులు తేలాకే రెండోది తెరవాలి. ఇది అందరికీ తెలిసిందే.

తెలియాల్సింది వెయిటేజ్ లెక్క. క్యూసీబీఎస్‌లో (నాణ్యత, ధర రెండూ కలిపి ఎంచుకునే పద్ధతిలో) టెక్నికల్‌కి కొంత, ధరకి కొంత ఇస్తారు, ఆ రెండంకెలు ఎలా పెడితే అలా ఫలితం తిరగబడుతుంది. ఒక ఫర్మ్‌కి టెక్నికల్ 90 వచ్చి ధర 10 అనుకోండి, ఇంకోదానికి టెక్నికల్ 78 వచ్చి ధర 6 అనుకోండి. తక్కువ ధరకి 100 మార్కులు ఇచ్చి మిగతాది ఆ నిష్పత్తిలో వేస్తే రెండో ఫర్మ్‌కి ధరలో 100, మొదటిదానికి 60. వెయిటేజ్ 80-20 పెడితే మొదటిదానికి 84, రెండోదానికి 82.4, మంచి టీం గెలిచింది. 70-30 పెడితే మొదటిది 81, రెండోది 84.6, చవక టీం గెలిచింది. దేశం మొత్తం కరెంట్ వ్యవస్థ మీద బిలియన్ల పెట్టుబడి నిర్ణయించే పనికి కన్సల్టెంట్ ఫీజులో కొంచెం మిగలబెట్టుకోవడం అర్థం లేని పొదుపు, కాబట్టి 80-20 కన్నా కిందికి దిగొద్దు అంటాను. బడ్జెట్ నిజంగానే బిగుతుగా ఉంటే ఫిక్స్‌డ్ బడ్జెట్ పద్ధతి పెట్టి, ఇంత డబ్బుంది, ఇందులో ఎవరు ఎక్కువ ఇస్తారో చెప్పండి అని అడగడం నయం.

టెక్నికల్ మార్కుల్లో "ఫర్మ్ అనుభవం"కి తక్కువ, మెథడాలజీకి, మనుషులకి ఎక్కువ ఇవ్వండి. మెథడాలజీ చదివేటప్పుడు ఒక చిట్కా, మన దేశం పేరు తీసేసి చదవండి, అప్పుడు కూడా ఏ దేశానికైనా సరిపోయేలా ఉంటే అది ఎక్కడినుంచో దించిన సరుకు. మన టీఓఆర్‌లో తప్పులు పట్టుకుని "ఈ డేటా మీ దగ్గర ఉండదు, మేం ఇలా చేస్తాం" అని రాసినవాళ్ళు ఉంటే వాళ్ళని జాగ్రత్తగా చూడండి, నిజంగా ఆలోచించినవాళ్ళు వాళ్ళే. పాత క్లయింట్లకి కూడా ఫోన్ చెయ్యండి. రిపోర్ట్ బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, ఆ మోడల్ ఇప్పుడు మీ దగ్గర ఎవరు నడుపుతున్నారు అని అడగండి.

కాంట్రాక్ట్‌లో గట్టిగా పట్టుకోవాల్సినవి

మొదటిది ప్రయోజనాల ఘర్షణ (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్). ప్లాన్ రాసిన ఫర్మే తర్వాత టెండర్లలో ఇంజినీరింగ్ పనికో, ఇన్వెస్టర్ల తరఫునో, పరికరాలు అమ్మేవాళ్ళ తరఫునో వస్తే ఆ ప్లాన్‌ని ఎవరు నమ్ముతారు? వాళ్ళ గ్రూప్ కంపెనీలతో సహా, ఈ ప్రోగ్రాం నుంచి పుట్టే పనుల్లో ఇన్నేళ్ళు పాల్గొనకూడదని రాయించుకోండి. ఇప్పుడు వాళ్ళ క్లయింట్లు ఎవరో కూడా బయటపెట్టమనండి, బొగ్గు కంపెనీ అయినా సోలార్ కంపెనీ అయినా ఒకటే.

రెండోది ఫీజు ఎలా కట్టాలి. "మా వల్ల మీకు మిగిలిన దాంట్లో ఇంత శాతం ఇవ్వండి, ముందు ఏమీ వద్దు" అనే ఆఫర్ వినడానికి బాగుంటుంది. దక్షిణాఫ్రికా కరెంట్ సంస్థ ఎస్కాం, కన్సల్టింగ్ ఫర్మ్ మెకిన్సీతో ఇలాంటి రిస్క్ మీద ఆధారపడ్డ కాంట్రాక్టే చేసుకుంది, ఆ పద్ధతికి కావాల్సిన ట్రెజరీ అనుమతి లేదని తేలింది, మెకిన్సీ 2018లో దాదాపు 100 కోట్ల ర్యాండ్‌లు వెనక్కి కట్టింది. ఆ దేశంలో ఎస్కాం, ట్రాన్స్‌నెట్ (ప్రభుత్వ రైల్వే, పోర్టుల సంస్థ) పనులకి సంబంధించిన లంచాల కేసులో 2024 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఆఫ్రికా విభాగం 122 మిలియన్ డాలర్లకి పైగా కట్టడానికి ఒప్పుకుంది. ప్లాన్ రాసే పనికి శాతం ఫీజులు అస్సలు వద్దు. స్పష్టంగా ఉన్న పనులకి లంప్‌సమ్ పెట్టి డెలివరబుల్‌ని బట్టి కట్టండి, జనంతో సంప్రదింపులు, కేబినెట్‌కి సాయం లాంటి ఎంత పడుతుందో తెలియని పనులకి టైమ్ బేస్డ్ పెట్టి పైన ఒక సీలింగ్ పెట్టండి.

మూడోది మోడల్ ఎవరిది. సొంత సాఫ్ట్‌వేర్‌లో చేసి పీడీఎఫ్ ఇచ్చి వెళ్ళిపోతే, గ్యాస్ ధర మారినప్పుడల్లా మళ్ళీ వాళ్ళకే ఫోన్ చెయ్యాలి, మళ్ళీ బిల్లు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఓసెమోసిస్ ఓపెన్ సోర్స్, లీప్ చాలా అభివృద్ధి చెందుతున్న దేశాల ప్రభుత్వాలకి ఉచితం, ప్లెక్సోస్ లాంటి కమర్షియల్ వాటికి లైసెన్స్ ఫీజు ఏటా ఉంటుంది. కమర్షియల్ వాడొద్దని కాదు, లైసెన్స్ ఎవరి పేరు మీద, ఎన్నేళ్ళు, ఎవరు కడతారు అనేది ముందే తేలాలి. ఇన్‌పుట్ ఫైళ్ళు, ఫార్ములాలు, మ్యాన్యువల్ అన్నీ ప్రభుత్వ ఆస్తి అని ఒక్క లైన్ పెట్టండి.

పని మొదలయ్యాక

మన వైపు నలుగురైదుగురితో ఒక కౌంటర్‌పార్ట్ టీం పెట్టాలి, మిగతా పనులన్నీ చేస్తూ మధ్యలో ఇది కూడా చూసేవాళ్ళు కాకుండా దీనికే కూర్చునేవాళ్ళు. ఇది లేకపోతే ఎంత గొప్ప కన్సల్టెంట్ వచ్చినా డేటా కోసం వేరే వేరే ఆఫీసుల చుట్టూ తిరుగుతూ నెలలు గడిపేస్తాడు, ఆ నెలలకి కూడా మనమే కడతాం. డేటా ఇమ్మని మినిస్టర్ సంతకంతో ఒక ఉత్తరం కాంట్రాక్ట్ సంతకం రోజే అన్ని శాఖలకీ వెళ్ళాలి.

ఇన్‌సెప్షన్ రిపోర్ట్‌ని (పని మొదట్లో ఇచ్చే రిపోర్ట్) లాంఛనంగా చూడకండి. అందులో అసంప్షన్స్ పుస్తకం ఉండాలని పట్టుబట్టండి, ఎందుకంటే మిగతాదంతా దాంట్లోంచే వస్తుంది. డిమాండ్ ఎంత పెరుగుతుంది, గ్యాస్ ధర ఎంత, డిస్కౌంట్ రేటు (ముందు ముందు వచ్చే డబ్బుని ఇవాళ్టి విలువకి తగ్గించి లెక్కించే రేటు) ఎంత, బ్యాటరీ ఎంత. ఐరీనా (అంతర్జాతీయ రెన్యూవబుల్ ఎనర్జీ ఏజెన్సీ) లెక్కల్లో 2010 నుంచి 2023 మధ్య సోలార్ కరెంట్ ఖర్చు 90 శాతం పడిపోయింది, బ్లూమ్‌బర్గ్ఎన్ఈఎఫ్ సర్వేలో బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024లో ఒక్క ఏడాదిలోనే 20 శాతం తగ్గి కిలోవాట్ అవర్‌కి 115 డాలర్లకి వచ్చింది. రెండు మూడేళ్ళ పాత డేటాబేస్ నుంచి అంకెలు దించితే ప్లాన్ పుట్టేటప్పటికే ముసలిదైపోతుంది. అలాగే వడ్డీ. సోలార్, విండ్‌కి ఖర్చంతా ముందే పెట్టాలి, ఇంధనం కొనక్కర్లేదు, కాబట్టి అప్పు ఖరీదైతే వాటి కరెంట్ ఖరీదవుతుంది. డబ్బున్న దేశాల వడ్డీ రేటు మన మోడల్‌లో పెట్టేస్తే అంతా అందంగా కనిపిస్తుంది, బ్యాంకు దగ్గరికి వెళ్ళాక తెలుస్తుంది అసలు సంగతి.

ఈ అసంప్షన్స్‌ని బయట పెట్టెయ్యండి, యూనివర్సిటీ వాళ్ళు, జర్నలిస్టులు, పరిశ్రమల వాళ్ళు తిట్టనివ్వండి. బ్రిటన్ 2010లో తన 2050 కాలిక్యులేటర్‌ని స్ప్రెడ్‌షీట్‌తో సహా అందరికీ ఇచ్చేసింది, ఎవరైనా మీటలు అటూ ఇటూ జరిపి చూస్కోవచ్చు, తర్వాత చాలా దేశాలు అలాంటివి చేసుకున్నాయి. ఫైనల్ రిపోర్ట్ రోజు బయటపడే తప్పు కన్నా మూడో నెలలో బయటపడే తప్పు చవక.

డబ్బు చాప్టర్ విషయంలో ఇంకో మాట. దక్షిణాఫ్రికాకి 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ధనిక దేశాలు జేఈటీపీ కింద 8.5 బిలియన్ డాలర్లు ప్రకటించాయి, ఏడాది తర్వాత ప్లాన్ వచ్చేసరికి ఐదేళ్ళకి కావాల్సింది దాదాపు 1.5 ట్రిలియన్ ర్యాండ్‌లు అని తేలింది, ఇస్తామన్న దాంట్లో గ్రాంట్ 4 శాతం దగ్గరే, మిగతాది ఎక్కువగా అప్పులే. 2025 మార్చిలో అమెరికా దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, వియత్నాం జేఈటీపీల నుంచి తప్పుకుంది. కాబట్టి గ్రాంట్ ఎంత, తక్కువ వడ్డీ అప్పు ఎంత, మార్కెట్ అప్పు ఎంత, గ్యారంటీ ఎంత అని విడగొట్టి చూపించమనండి, పెద్ద డోనర్ ఒకరు మధ్యలో వెళ్ళిపోతే ముందు ఏ పనులు ఆపాలో చెప్పే సినారియో ఒకటి టీఓఆర్‌లోనే అడగండి. ఈ ఒక్కటి అడగడానికి డోనర్ ముందు మొహమాట పడతారు, పడొద్దు.

చివరి పేమెంట్, కనీసం 15-20 శాతం, హ్యాండోవర్ టెస్ట్ దాకా ఆపి పెట్టండి. టెస్ట్ ఏంటంటే, పనిని పైనుంచి చూసే స్టీరింగ్ కమిటీ ముందు కన్సల్టెంట్ చేతులు కట్టుకుని కూర్చోవాలి, మన కౌంటర్‌పార్ట్ టీం వాళ్ళు మోడల్ తెరిచి, కమిటీ అక్కడికక్కడ చెప్పిన మార్పు, గ్యాస్ ధర పెంచడమో ఒక ప్లాంట్‌ని మూడేళ్ళు ముందే మూసెయ్యడమో, చేసి రన్ కొట్టి ఫలితం ఎందుకు మారిందో వాళ్ళ మాటల్లో వివరించాలి. రాకపోతే ఇంకో నెల ట్రైనింగ్, తర్వాత మళ్ళీ టెస్ట్. ఇది పాసయ్యాక కూడా ఓ 30-40 మ్యాన్-డేస్ కాంట్రాక్ట్‌లో మిగిల్చి ఉంచుకోండి, మరుసటి ఏడాది మన వాళ్ళు సొంతంగా ప్లాన్ అప్‌డేట్ చేసేటప్పుడు ఎక్కడైనా ఇరుక్కుంటే అడగడానికి.